నా సైకిల్‌కు నంబర్ ప్లేటు

దసరా రోజు పొద్దున మా వాకిట్లో రెండు బండ్లు కడిగి నిలబెట్టాం. ఒకటి మా యారాలి స్కూటీ. యారాలంటే మా మరిది భార్య. రెండోది నా సైకిల్. అత్తమ్మ స్కూటీకి పసుపు రాసింది, బొట్లు పెట్టింది, బంతిపూల దండ వేసింది, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. నా సైకిల్ దాకా వచ్చి, పళ్ళెం పట్టుకుని వెనక్కి తిరిగింది.

"అత్తమ్మా, నాదానికి?"

"దానికేం నంబరున్నదా, లైసెన్సున్నదా? నిమ్మకాయలు ఊకెనే వస్తున్నయా?"

యారాలు చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు నాకు మూడు రోజులు అరగలేదు.

ఇద్దరం బొల్లారంలో ఒకే మందుల కంపెనీలో ప్యాకింగ్ చేస్తాం. ఆమె పది పాసైంది, నేను ఏడుతో ఆపేశాను. చేసేది మాత్రం ఒకే పని. కానీ ఆమె స్కూటీ గేటు లోపల రేకుల షెడ్డులో ఉంటుంది, నా సైకిల్ బయట గోడకు ఎండుతుంది. గేటు దగ్గరి సెక్యూరిటీ తాతను బతిమాలాను.

"తాతా, జెర నాది గూడ లోపల పెట్టుకోనియ్యవా?"

"నాకేం నొప్పి బిడ్డా? బుక్కుల బండి నంబర్ రాయాలె. నీదానికి నంబరేది? మా కాలంల సైకిల్‌కు గూడ బిళ్ళ ఉంటుండె. బిళ్ళ లేకుంటె గాలి తీసి తోలుతుండిరి. గిప్పుడు సైకిల్‌ను అడిగెటోడే లేడు."

సర్కారు మళ్ళీ సైకిళ్ళకు లైసెన్సు పెడితే ఎంత బాగుంటుందో అనుకుంటూ ఇంటికి వచ్చాను. నాకూ ఒక కార్డు ఉంటుంది, దాని మీద నా ఫోటో ఉంటుంది. యారాలు పర్సు తెరిస్తే నేనూ తెరుస్తాను. సర్కారు పెట్టేదాకా ఆగే ఓపిక నాకెక్కడిది? ఆదివారం పటాన్‌చెరు వెళ్ళి, ప్లేట్లు రాసే పెయింటర్ ముందు సైకిల్ ఆపాను.

"ఏం నంబర్ రాయాలె అక్కా?"

అది నేను ఆలోచించుకుని పోలేదు. యారాలి నంబరే చెప్పాను, చివరి అంకె ఒకటి పెంచి.

మర్నాడు తాత పడీ పడీ నవ్వాడు, అయినా బుక్కులో రాశాడు. నా సైకిల్ స్కూటీ పక్కనే నీడలో నిలబడింది.

"అక్కా, గిదేంది? పిచ్చి లేసిందా?" అంది యారాలు.

"నీకెందుకే మంట?" అన్నాను. మంట ఎవరిదో ఇద్దరికీ తెలుసు.

పది రోజులు రాణిలా తిరిగాను. ఇంతలో ఒడిశా నుంచి వచ్చిన పనివాళ్ళు కూడా నన్ను చూసి ప్లేట్లు కొట్టించుకున్నారు. షెడ్డు నిండిపోయింది. సూపర్‌వైజర్ గేటుకు కాగితం అంటించాడు: సోమవారం నుంచి ప్రతి సైకిల్‌కూ కంపెనీ టోకెన్ ఉండాలి. టోకెన్ కావాలంటే సైకిల్ కొన్న బిల్లు, ఇక్కడి అడ్రసున్న ఆధార్ చూపాలి. టోకెన్ లేని సైకిల్ గోడ దగ్గర కూడా పెట్టకూడదు.

అన్నం తినేటప్పుడు ఆ ఒడిశా పనివాళ్ళలో ఒకతను నా ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"దీదీ, ప్లేట్ ఫస్ట్ మీరే పెట్టిన్రు. అబ్ బిల్ ఎక్కడ్నుంచి తేవాలె? రోజూ గడ్డపోతారంల రూం దాకా నడ్వాల్నా?"

నా దగ్గర మాత్రం బిల్లు ఉందా? నాదీ ఎవరో వాడుకుని అమ్మిన సైకిలే. అమ్మినతను ఎప్పుడో వాళ్ళ ఊరికి వెళ్ళిపోయాడు.

"ఫికరెందుకక్కా, నా ఎనుక కూసో. రోజూ తీస్కపోత, తీస్కొస్త," అంది యారాలు. ప్రేమగానే అంది. అదే నన్ను ఎక్కువ కాల్చింది. ఆమె భుజం పట్టుకుని, ఊరంతా చూస్తుండగా, రోజూ రెండుసార్లా!

చెయ్యి కడుక్కుని నేరుగా సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్ళాను.

"సార్, నాది దొంగ నంబర్ సార్. నేనే రాయించిన."

"తెలుసమ్మా. సైకిల్‌కు నంబర్ ఏ ఆఫీసోళ్ళు ఇస్తరు?"

"అందరి ప్లేట్లు తీయిస్త. షెడ్డొద్దు, నీడొద్దు. గోడకే పెట్టుకుంటం. గా కాగితం తీసేయుండ్రి సార్."

"గోడకాడ పోతే మాకు జిమ్మేదారి లేదు మల్ల."

"లేదు సార్."

సాయంత్రానికి కాగితం పోయింది. నా ప్లేటు నేనే స్పానర్‌తో విప్పుకున్నాను. తర్వాత ఆ స్పానర్ వాళ్ళందరి చేతులూ తిరిగింది. నన్ను అడిగినతను "థాంక్యూ దీదీ" అన్నాడు. వాళ్ళ కోసమే చేశానని చెప్పుకుంటే బాగుంటుంది. కానీ నేను పోయింది ఆ వెనక సీటుకు భయపడి. సైకిల్‌కు లైసెన్సు పెట్టాలని ఇప్పుడు ఎవరైనా అంటే మాత్రం, ముందు బిల్లు ఎవరి దగ్గర ఉందో అడగండి అంటాను.

మర్నాడు పొద్దున పావుగంట ముందే బయల్దేరాను. యారాలు ఇంకా జడ వేసుకుంటోంది.

"ఏందక్కా, గింత జల్దీ?"

"పనున్నది," అన్నాను. పనేం లేదు. ఆమె స్కూటీ నన్ను దాటకముందే గేటు చేరాలి, అంతే.