దుబాయ్ కంపెనీలో గంగమ్మ వాటా

2014. పెద్ద తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన మరుసటి ఏడాది. ఒడిశాలోని బరంపురంలో, బడా బజార్‌లో ఒక చీరల కొట్టు మేడ మీద నా ఆఫీసు. నేను కంపెనీ సెక్రటరీని. అంటే కంపెనీలు పుట్టించడం, వాటి కాగితాలు చట్టానికి తగ్గట్టు ఉంచడం నా పని. అప్పటికి పద్దెనిమిదేళ్ళ అనుభవం ఉన్నా, విదేశంలో కంపెనీ పెట్టించింది రెండే సార్లు. మూడోది అడగడానికి వచ్చింది, దగ్గర్లోని సముద్రపు ఒడ్డు పల్లె మార్కండిలో ఎండుచేపల వ్యాపారం చేసే పోలమ్మ.

ఆమెతో మరో ముగ్గురు పడవ యజమానులు వచ్చారు. తుఫాను తర్వాత నాలుగిళ్ళకీ కలిపి మిగిలినవి రెండు పడవలు. వాళ్ళు ఎండబెట్టిన చేపల్ని ఏళ్ళ తరబడి ఒక వ్యాపారి కొని, తన పేరు మీద దుబాయ్‌కి పంపుకునేవాడు. అక్కడే కొట్టులో పనిచేస్తున్న పోలమ్మ తమ్ముడు, మన సరుకు మనమే అమ్ముకుందామని ఒక గోడౌను చూసిపెట్టాడు. నెలాఖరులోగా కంపెనీ లైసెన్సు చూపిస్తేనే అది వీళ్ళకి. లేకపోతే ఆ పాత వ్యాపారే ఎగరేసుకుపోతాడు.

ఫ్రీ జోన్ కంపెనీ మేలని సలహా ఇచ్చాను. ఫ్రీ జోన్ అంటే అక్కడి ప్రభుత్వం వేరుగా కేటాయించిన వ్యాపార ప్రాంతం. స్థానిక భాగస్వామి అక్కర్లేదు, కంపెనీ మొత్తం మనదే కావచ్చు. పాస్‌పోర్టులు సరిచూసి, వాటాల జాబితా రాయడానికి కలం తీశాను.

"నలుగురం బాబూ. అయిదు వాటాలు," అంది పోలమ్మ.

"అయిదోది ఎవరిదమ్మా?"

"అమ్మోరిది. మా గంగమ్మది. పడవ ఒడ్డుకొస్తే ముందు ఆవిడ వాటా తీసాకే కదా మేం పంచుకుంటాం. పడవకో నాయం, కంపినీకో నాయం ఉంటాదేటి?"

నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది. "అమ్మవారికి పాస్‌పోర్టు ఎక్కడ తెస్తాం?" అన్నాను. ఆమె నవ్వలేదు. మిగతా ముగ్గురూ ఆమె ముఖం వంకే చూస్తున్నారు.

నాకు తేలిక దారి ఒకటి తోచింది. "ఆ వాటా కూడా మీ పేరున రాసేద్దాం. కాగితం మీద మీది, మనసులో అమ్మవారిది."

"అంటే నేను దాసిపెట్టినట్టా?"

"అంతే."

సరేనని వెళ్ళారు. మూడు రోజుల తర్వాత సంతకాలకి వచ్చారు. పోలమ్మకి సంతకం వచ్చు గానీ ఇంగ్లీషు రాదు. ప్రతి పేజీ తెలుగులో చెప్పించుకుంది. ఆఖరిది డిక్లరేషన్, అంటే ప్రమాణ పత్రం. అక్కడికి వచ్చేసరికి నేను కాస్త వేగం పెంచాను.

"దీన్ని గబగబా దాటించేస్తన్నారేటి? సరిగ్గా సెప్పండి."

చెప్పక తప్పలేదు. నా పేరున ఉన్న వాటా పూర్తిగా నాదే, వేరెవరి తరఫునా నేను దాన్ని ఉంచుకోలేదు అని అందులో ఉంది.

పోలమ్మ కలం బల్ల మీద పెట్టేసింది. "ఆవిడ వాటా నాదని సంతకం పెడతానా? రేపు మావోళ్ళు ఏ మొకం పెట్టుకుని సముద్రం మీదకి ఎల్తారు? కంపినీ లేకపోతే పోనీండి బాబూ. ఎల్లొస్తాం."

నలుగురూ మెట్లు దిగి వెళ్ళిపోయారు. నెలాఖరుకి ఇంకా పన్నెండు రోజులే ఉన్నాయి. ఇదేం చాదస్తమని ముందు విసుక్కున్నాను. ఆ తర్వాత సిగ్గేసింది. ఒకరి వాటా ఇంకొకరి పేరున దాచడాన్ని ఆపడానికే ఆ డిక్లరేషన్ పెట్టారు. చట్టం చదువుకున్న నేను అబద్ధం రాయించబోయాను. ఆ ఇంగ్లీషు చదవడం రాని ఆమె ఒప్పుకోలేదు.

నాలుగు రోజులు వేరే ఫైలు ముట్టలేదు. ఫ్రీ జోన్ వాళ్ళ నియమావళి అచ్చులో పోసిన నమూనా. అందులో ఒక్క మాట మార్చనివ్వరు. కానీ షేర్‌హోల్డర్స్ అగ్రిమెంట్, అంటే వాటాదారులు తమలో తాము రాసుకునే ఒప్పందం, దానికి అడ్డు లేదు. కంపెనీలో నలుగురికీ సమానంగా నాలుగే వాటాలు పెట్టాను. ఒప్పందంలో మొదటి షరతుగా ఇది రాశాను: ఏటా లాభం తేలాక, ఎవరూ పంచుకోక ముందే, అందులో అయిదో వంతు మార్కండి గంగమ్మ సంబరానికీ, సముద్రంలో మనిషిని పోగొట్టుకున్న ఇళ్ళకీ తీసిపెట్టాలి.

దుబాయ్‌లో మా దరఖాస్తులు చూసే ఏజెంటు ఫోన్ చేశాడు. "ఇలాంటి షరతు నేనెప్పుడూ చూడలేదు. తీసేయకూడదా?"

"అది తీసేస్తే కంపెనీయే లేదు," అన్నాను.

అతను ఫ్రీ జోన్ వాళ్ళని కనుక్కుని, అభ్యంతరం లేదని మర్నాడు రాశాడు.

ఈసారి వాళ్ళని రమ్మనలేదు. నేనే కాగితాలు పట్టుకుని మార్కండి వెళ్ళాను. ఎండుచేపలు ఆరబోసిన చోటే చాప వేశారు. షరతు చదివాను, డిక్లరేషన్ కూడా మాట మాటా విడదీసి చదివాను. పోలమ్మ రెండోసారి చదివించుకుంది.

"ఆవిడది ఆవిడకి రాసేసినారు. ఇప్పుడు నా వాటా నాదే అంటే అబద్ధం కాదు. ఠిక్ అఛి బాబూ, సరిగ్గా ఉంది," అని ఒడియా మాట కలిపి అంటూ సంతకం పెట్టింది. తర్వాత ముగ్గురూ పెట్టారు.

నెలాఖరుకి రెండు రోజుల ముందు లైసెన్సు వచ్చింది. గోడౌను వాళ్ళకే దక్కింది. ఆ వేళ నాకు కలిగిన గర్వం, తర్వాత ఎంత పెద్ద కంపెనీ పెట్టించినా మళ్ళీ కలగలేదు.

ఇప్పటికీ అప్పుడప్పుడూ ఎవరో ఒకరు నా ఎదురుగా కూర్చుని, "కాగితం మీద నా పేరు పెట్టేయండి సార్, మనసులో ఆయనదే," అంటారు. ఆ మాట ఒకప్పుడు నేనే అన్నాను కాబట్టి వాళ్ళని తిట్టను. డిక్లరేషన్ తీసి ముందు అదే చదువుతాను. గబగబా కాదు.