ట్యాపు కింద కరెంటు

నేను ఎనిమిదో తరగతిలో బడి మానేస్తే ఏడ్చింది మా అమ్మ ఒక్కతే. మేష్టార్లు స్వీట్లు పంచుకున్నారు. అలాంటి నేను ఐర్లండులోని స్లైగో ఊళ్ళో, టీచరమ్మకు జ్వరమొచ్చి, ఆదివారం తెలుగు బడి పిల్లలకు నీటితో కరెంటు ఎలా పుడుతుందో చెప్పాల్సొచ్చింది.

"నాన్నా, ఇవాళ జోకులొద్దు. నువ్వు చెప్పేవన్నీ అబద్ధాలేనంటున్నారు నా ఫ్రెండ్స్" అని మా అమ్మాయి ముందే బతిమాలింది.

ప్లాస్టిక్ చెంచాల చక్రానికి బొమ్మకారు మోటారు, దానికో బుల్లి లైటు తగిలించి, బడి నడిచే హాలు వంటగదిలో ట్యాపు కింద పట్టాను. చక్రం తిరిగి లైటు వెలిగింది. "పెద్ద డ్యాములోనూ ఇంతే" అన్నాను. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు.

"అంకుల్, బ్యాటరీ ఎక్కడ దాచారు?" అంది పన్నెండేళ్ళ పిల్ల ఒకతె.

నా చొక్కా చేతులు మడిచి చూశారు, జేబులు తడిమారు, సింకు కింద అలమారా కూడా తెరిచారు. "ఒట్టు, లేదమ్మా" అన్నాను. ఒట్టేశాక అనుమానం ఇంకా ముదిరింది. చివరికి ఆ పిల్లే ట్యాపు కట్టేస్తే లైటు ఆరింది, తిప్పితే వెలిగింది. "గ్రాండ్" అని, సరేననడానికి ఇక్కడివాళ్ళు అనే మాటతో ఒప్పుకుంది.

కారెక్కాక "చూశావా, నన్ను నమ్మారు!" అన్నాను.

"నిన్ను కాదు నాన్నా, ట్యాపుని" అంది మా అమ్మాయి.