బాపు చావు ఏ రకం

కరీంనగర్ కాలేజీలో సమాజశాస్త్రం చెప్పే ఉద్యోగం దొరికినప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. హైదరాబాద్‌లో చదివొచ్చానన్న పొగరు ఉండేది. ఒక ఫ్రెంచి పండితుడి పాఠమంటే మరీ ఇష్టం. తరతరాల యూదు పురోహితుల ఇంట పుట్టి, ఆ వృత్తి కాదనుకుని, సమాజాన్ని శాస్త్రంగా చదవాలని పట్టుబట్టిన మనిషి ఆయన. ఆత్మహత్య ఒక్కడి మనసులో పుట్టేది కాదంటాడు. మనిషికీ నలుగురికీ మధ్య ముడి వదులైనా, మరీ బిగుసుకున్నా, బతుకు నడిచే పద్ధతే తలకిందులైనా అది జరుగుతుందంటాడు.

ఆ రకాలన్నీ బోర్డు మీద రాశాను. వెనక బెంచీలో సిరిసిల్ల విద్యార్థి ఒకడున్నాడు. కొన్నేళ్లు మగ్గం నేసి ఆలస్యంగా చదువుకొచ్చినవాడు, నాకంటే రెండేళ్లే చిన్న. అతని తండ్రి కిందటేడు ప్రాణం తీసుకున్నాడని నాకు తెలుసు. తెలిసే లేపాను.

"మీ నాన్నది ఇందులో ఏ రకం?"

"ఎరుక లేదు సార్."

"ఒంటరివాడా?"

"కాదు సార్. ఇంట్ల తొమ్మండుగురం. బాపు రాంది ఎవ్వలం బువ్వ తినకపోతుంటిమి."

"అంటే ముడి గట్టిదే. మరి తప్పు పాఠానిదా, మీ నాన్నదా?"

ఎవరో కిసుక్కుమన్నారు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. గంట కొట్టేదాకా అతను నిలబడే ఉన్నాడు. కూర్చోమని నేను అనలేదు.

మర్నాటి నుంచి రాలేదు. వారం తర్వాత సిరిసిల్ల బస్సెక్కాను. పశ్చాత్తాపంతో వెళ్లానని ఇప్పుడు చెప్పుకుంటే బాగుంటుంది. నిజానికి ప్రిన్సిపాల్ సంజాయిషీ అడిగాడని వెళ్లాను.

వాకిట్లో అతని తల్లి నూలు చుడుతోంది. కాలేజీ నుంచి వచ్చానంటే తలెత్తి చూసింది.

"నువ్వేనా సారూ, మా ఇంటాయన సావు ఏ రకమని అడిగింది? కూసో. నేను గుడ అడుగుత. వాడకట్టంత నా నోరే ఆయన్ను మింగిందంటుండ్రు. గా పెద్దసారు బుక్కుల గట్లనే రాసిండా?"

"లేదమ్మా. ఇంట్లోవాళ్ల తప్పని ఆయన ఎక్కడా అనలేదు. మరమగ్గాలొచ్చాయి. పుట్టినప్పటి నుంచీ చేసిన పనికి విలువ పోయింది. కాళ్ల కింది నేల కదిలిపోతే ఎంతటి మనిషైనా తూలుతాడు. నీ నోరు కాదమ్మా."

ఆమె కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. లోపల మగ్గం చప్పుడు ఆగింది. అతను గడప దాకా వచ్చాడు.

"గీ ముచ్చట నీకు గా రోజు ఎరుక లేదా సార్?"

"తెలుసు."

"ఎరుకుండే నవ్వినవా?"

తల్లే అంది, "పో సారూ. ఇగ రాకు."

అతను పరీక్షలు రాయలేదు.

ఆ పండితుడి జీవితం నేను పూర్తిగా చదివింది ఆ తర్వాతే. ఒక్కగానొక్క కొడుకు యుద్ధంలో పోతే, ఆ ఊసు తన ముందు ఎత్తొద్దని అందరినీ వారించాడట. రెండేళ్లు తిరక్కుండానే తనూ పోయాడు. మరుసటేడు అది కూడా పాఠంలో చేర్చాను. పిల్లలు కదలకుండా విన్నారు. బాగా చెప్పానని మెచ్చుకున్నారు కూడా.

కొన్నాళ్లకు జమ్మికుంట మార్కెట్లో అతను కనిపించాడు, వీపు మీద పత్తి బస్తాతో. ఎదురెళ్లి పేరుపెట్టి పిలిచాను. ఆగి నన్ను నిదానంగా చూశాడు. గుర్తుపట్టాడు.

"ఎవలు నువ్వు?" అన్నాడు. "జర పక్కకు జరుగు."

జరిగాను.