లిత్‌గోలో ఎడమవైపు స్పీకర్

శనివారం పొద్దున ఏడున్నరకు క్వేకర్స్ హిల్ స్టేషన్‌లో రైలెక్కాం, నేనూ మా ఆవిడ స్వరూపా. మాతోపాటు సామాను లాగే ఖాళీ ట్రాలీ ఒకటి, దానికి తాడుతో కట్టిన రెండు పాత దుప్పట్లు. స్వరూప భుజాన సంచిలో పూరీలు, ఆలుగడ్డ కూర. ఒలింపిక్స్‌కు ముందు వచ్చిన చలికాలం. స్టేషన్లన్నిటికీ కొత్త రంగులు వేస్తున్నారు. ఎక్కడ నిలబడినా పెయింటు వాసనే.

మేం బయలుదేరింది లిత్‌గోకు. సిడ్నీకి పడమట, బ్లూ మౌంటెన్స్ దాటాక వచ్చే బొగ్గు గనుల ఊరు అది. అక్కడ ఒకాయన తన పాత హైఫై సెట్టు అమ్ముతున్నాడని పేపర్లో చూశాను. యాంప్లిఫయరు, రికార్డ్ ప్లేయరు, రెండు పెద్ద స్పీకర్లు. ప్రకటన చివర ‘విన్నాకే కొనాలి’ అని ఉంది. ఆ మాట నాకు బాగా నచ్చింది.

బ్యాంకులో వైటూకే పని మీద వరంగల్ నుంచి వచ్చి రెండేళ్లు కావస్తోంది. కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని ఊదరగొట్టిన జనవరి ఒకటో తేదీ మామూలుగా గడిచిపోయింది. మా టీముకు బోనస్ ఇచ్చి, కాంట్రాక్టు పొడిగించారు. ఆ బోనస్‌తో ఇంట్లోకి మ్యూజిక్ సిస్టమ్ కొనాలన్నదాకా ఇద్దరిదీ ఒకే మాట. ఏది కొనాలన్న దగ్గరే పేచీ. స్వరూపకు హోమ్ థియేటర్ కావాలి. షోరూములో సేల్స్‌మన్ మమ్మల్ని సోఫాలో కూర్చోబెట్టి, డీవీడీలో ఒక హెలికాప్టర్ సీను వేశాడు. అది మా వెనకనుంచి వచ్చి నెత్తిమీదుగా పోయినట్టే వినిపించింది. స్వరూప తల వంచేసింది కూడా. నాకేమో మా ఆఫీసులో పనిచేసే ఒకాయన ఇంట్లో విన్న పాత సెట్టు మనసులో పడిపోయింది. అందులో పాట వింటుంటే, పాడే మనిషి ఊపిరి తీసుకోవడం కూడా తెలిసింది. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. లిత్‌గో సెట్టు ఇద్దరికీ నచ్చితే తెచ్చుకోవడం, లేకపోతే మర్నాడే షోరూముకు వెళ్లడం. కారు ఇంకా కొనలేదు కాబట్టి రైలే గతి. స్పీకర్లు తర్వాత ఎవరి వ్యానులోనైనా తెప్పించుకోవచ్చని నా లెక్క.

బ్లాక్‌టౌన్‌లో దిగి కొండల వైపు వెళ్లే రెండంతస్తుల రైలు పట్టుకున్నాం. ఈ దారిలో వెళ్లేవాళ్లు పై అంతస్తులో కూర్చోండి, లోయలు బాగా కనిపిస్తాయి. సీటు వీపును అటూ ఇటూ తోస్తే ఎటువైపైనా తిరిగి కూర్చోవచ్చు. మా మాటలు విని ముందు సీటులోని పెద్దాయన వీపు తోసేసి మా వైపు తిరిగాడు.

“తెలుగోళ్లేనా? మాది హైదరాబాదే, మలక్‌పేట. ఖాదర్ అంటరు నన్ను.”

బ్లాక్‌టౌన్‌లో ఎలక్ట్రానిక్స్ దుకాణమట ఆయనది. పెన్రిత్‌లో కూతురి ఇంటికి వెళ్తున్నాడు. మేం ఎందుకు వెళ్తున్నామో చెప్పగానే రెండు చేతులూ ఊపాడు.

“పాతది ఎందుకు బాబూ? కొత్తది తీస్కో. వారంటీ ఉంటది, ఖరాబైతే మార్చిస్తరు. పాతదానికి ఎవరున్నరు జిమ్మేదార్?”

“చూసినవా? అంకుల్ కూడా అదే అంటున్నడు” అంది స్వరూప నన్ను పొడుస్తూ.

“మరి మీ ఇంట్ల ఏది ఉంది అంకుల్?” అనడిగాను.

ఆయన నవ్వేశాడు. “పాతదే. నలభై ఏండ్ల సంది మా బేగం దాన్ని పారేయమంటనే ఉంది.” పెన్రిత్ వస్తుంటే లేచి కోటు సర్దుకుంటూ అన్నాడు: “కొనేముందు బాలెన్స్ గుండీ పూరా అటు, పూరా ఇటు తిప్పి వినుండ్రి. ఒక్కొక్క దిక్కు ఒక్కొక్కటే వినాలె. రెండూ కలిసి వింటే మోసపోతరు.”

ఎమూ ప్లెయిన్స్ దాటాక రైలు కొండ ఎక్కడం మొదలుపెట్టింది. కిటికీ అద్దాలు చల్లబడ్డాయి. కటూంబాలో కెమెరాలు పట్టుకుని వచ్చిన టూరిస్టులంతా దిగిపోతే పెట్టె సగం ఖాళీ అయింది. పక్కన స్వెటర్ అల్లుకుంటున్న ఒక పెద్దావిడ మా ట్రాలీ చూసి, లిత్‌గోకు కాపురం మారుస్తున్నారా అనడిగింది. కాదు, పాట వినడానికి వెళ్తున్నామంది స్వరూప. “లిత్‌గోలోనా?” అని ఆవిడ సూదులు ఆపి ఇంకోసారి అడిగింది.

మౌంట్ విక్టోరియా దాటాక వరసగా సొరంగాలు. ఒకటి అయిపోయిందనుకునేలోపు ఇంకొకటి. బయటపడేసరికి కింద లోయలో పెంకుటిళ్ల ఊరు, ఇంటింటి పొగగొట్టం నుంచీ బొగ్గు పొగ. పదిన్నర దాటింది. స్టేషన్ బయట చలి ముఖం మీద కొట్టింది. మెయిన్ స్ట్రీట్‌లో ఒక బేకరీలో టీ తాగి, దారి అడిగి, ట్రాలీ లాక్కుంటూ ఇరవై నిమిషాలు నడిచాం.

తలుపు తీసిన ఆయన పేరు బెర్ట్. డెబ్బై దాటి ఉంటాయి. పొడుగు మనిషి, భుజాలు కొంచెం ముందుకు వంగాయి. గనిలో యంత్రాల దగ్గర జీవితమంతా పనిచేసి రిటైరయ్యాడు. భార్య పోయాక ఒక్కడే ఉంటున్నాడు. మేం మాట్లాడుతుంటే కుడి చెవి మావైపు తిప్పి వింటున్నాడు.

“గట్టిగా మాట్లాడండి. ఎడమది పని చేయదు. అందుకే అమ్ముతున్నది” అన్నాడు ఇంగ్లీషులో. “ఒక్క చెవికి రెండు స్పీకర్లు దండగ కదా. పెర్త్‌లో ఉన్న మా అమ్మాయి ఈ డబ్బా పంపింది. వార్తలకు ఇది చాలు.” వంటింటి గట్టు మీద చిన్న రేడియో ఒకటి ఉంది. కొత్తది, ఒకే స్పీకరుది.

హాల్లో కిటికీ కింద ఉంది సెట్టు. యాంప్లిఫయరు ముఖమంతా వెండి రంగు లోహం. గుండీలు బరువుగా, మెత్తగా తిరుగుతున్నాయి. స్పీకర్ల చెక్కకు నూనె పట్టించి తుడిచిన మెరుపు. బెర్ట్ ఒక రికార్డు తీసి, అంచులు మాత్రమే పట్టుకుని పెట్టాడు. పియానో, దానితోపాటు ఒక చెల్లో, అంటే పెద్ద వయొలిన్‌లాంటిది. సూది దిగిన చిన్న చప్పుడు తర్వాత వాద్యం మొదలైంది. నేను కళ్లు మూసుకున్నాను. ఇదే, ఇదే కావాలి నాకు అనుకున్నాను.

సోఫాకు ఎడమ చివర కూర్చున్న స్వరూప నా మోచెయ్యి లాగింది.

“ఇటు దిక్కు ఏం వస్తలేదు.”

“రికార్డింగే అట్ల ఉంటది” అన్నాను కళ్లు తెరవకుండా.

“నేను దీని ముందల్నే కూసున్న. చప్పుడే లేదంటున్న. ఆ అంకుల్ చెప్పినట్టు తిప్పి చూడు.”

లేచి బాలెన్స్ గుండీ పూర్తిగా ఎడమవైపు తిప్పాను. గది నిశ్శబ్దమైపోయింది. రికార్డు తిరుగుతూనే ఉంది.

“ఆపేశావేం?” అన్నాడు బెర్ట్.

“ఆపలేదు. ఎడమవైపు తిప్పాను.”

“అదా? అది నా చెవి, మేట్. ఈస్టర్ నుంచీ అంతే.”

“కాదు బెర్ట్. మాకూ వినిపించడం లేదు.”

ఆయన నా వైపు చూసి, తర్వాత స్వరూప వైపు చూశాడు. “నీకు కూడానా?” స్వరూప వినిపించడం లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది. బెర్ట్ వెనక్కి చెయ్యి చాపి, కుర్చీ తడుముకుని కూర్చున్నాడు.

“సగం పోయిందని డాక్టర్ ఎప్పుడో చెప్పాడు” అన్నాడు. “ఒకరోజు ఆ వైపు సంగీతం రావడం మానేసింది. మిగిలిన సగం కూడా పోయిందనుకున్నాను. ఫోను ఎప్పుడూ కుడి చెవికే పెట్టుకుంటాను. నాతో కూర్చుని వినేవాళ్లు ఎవరున్నారు చెప్పడానికి?”

తర్వాత తేరుకుని, “అయితే ఇది పాడైన సరుకే. అడిగినంత ఇవ్వక్కర్లేదు, సగానికి తీసుకెళ్లండి” అన్నాడు.

మా ఆఫీసాయన ఇలాంటివి విప్పి బాగుచేస్తాడు. సరేననబోతున్నాను. స్వరూప మాత్రం కొనడం గురించి ఆలోచించడం లేదు.

“ఆయన చెవి మంచిగనే ఉన్నదేమో. ముందుగాల అది చూడు” అంది.

బాలెన్స్ గుండీ మళ్లీ మధ్యకు తెచ్చి, యాంప్లిఫయరు ఆపి, వెనక స్పీకర్ల వైర్లు అటువి ఇటు, ఇటువి అటు మార్చి, మళ్లీ ఆన్ చేశాను. ఈసారి ఎడమ స్పీకరు మోగింది, కుడిది మూగబోయింది. అంటే స్పీకర్లు బాగానే ఉన్నాయి, లోపం యాంప్లిఫయరులోనే. రికార్డా, రేడియోనా అని ఎంచుకునే గుండీ ఒకటి ముందు ఉంది. అది ఎన్నాళ్లుగానో కదపనట్టుంది. వైర్లు యథాప్రకారం పెట్టి, ఆ గుండీని అటూ ఇటూ చాలాసార్లు తిప్పాను. ఎడమవైపు చిటపటలు వచ్చాయి. ఇంకా తిప్పాను. ఉన్నట్టుండి చెల్లో ఆ మూలనుంచి లేచింది. అంతసేపూ అది అక్కడ లేదన్న సంగతి అప్పుడు తెలిసింది నాకు.

బెర్ట్ తల నిదానంగా ఎడమకు తిప్పాడు. అరచేత్తో కుడి చెవి మూసుకున్నాడు. అలాగే ఉండిపోయాడు.

“సన్నగా ఉంది” అన్నాడు. “పక్కింట్లోంచి వస్తున్నట్టుంది. కానీ ఉంది.”

రికార్డు మళ్లీ మొదటినుంచి పెట్టమన్నాడు. పెట్టాను. స్వరూప వంటింట్లోకి వెళ్లి మూడు ప్లేట్లు వెతికి తెచ్చి పూరీలు సర్దింది. కూర కారంగా ఉందని ఆయన నీళ్లు తాగుతూనే మూడు పూరీలు తిన్నాడు. అమ్మకం మాట ఎవరం ఎత్తలేదు. చివరికి నేనే అడిగాను, ఇప్పుడు అమ్మాలని ఉందా అని.

“ఫోనులో నీకు మాటిచ్చాను. ఇంత దూరం వచ్చావు. కావాలంటే నీదే.”

పెరట్లోకి వెళ్లి నిలబడ్డాను. నాకది కావాలి. నిజంగా కావాలి. అలాంటిది మళ్లీ దొరుకుతుందన్న నమ్మకం లేదు. కిటికీలోంచి చూస్తే బెర్ట్ సోఫాకు ఎడమ చివర, స్వరూప కూర్చున్న చోటే కూర్చుని వింటున్నాడు. స్వరూప నన్ను పిలవలేదు, ఏం చేయమనీ చెప్పలేదు. పాట అయిపోయేదాకా బయటే ఉండి, లోపలికి వచ్చి, వద్దులెండి అన్నాను. బెర్ట్ నా చెయ్యి పట్టుకుని, వదలడం మరిచిపోయాడు.

బాతర్స్ట్ నుంచి ఇంకొకాయన ఆదివారం చూడటానికి వస్తానన్నాడట. అమ్మడం లేదని చెప్పడానికి బెర్ట్ ఫోను చేశాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో రిసీవరు ఎడమ చెవికి మార్చుకున్నాడు. “ఏమన్నారు? మళ్లీ చెప్పండి” అంటూనే దాన్ని అటే ఉంచాడు.

తన పాత యూట్‌లో, అంటే చిన్న ట్రక్కులో, మమ్మల్ని స్టేషన్‌లో దింపాడు. మూడు దాటాక రైలు. పెట్టెలో మేమిద్దరం, ఎదురుగా ఫుట్‌బాల్ సంచితో ఒకాయన. ఖాళీ ట్రాలీ మా కాళ్ల దగ్గర ఊగుతూ ఉంది. పాత సెట్లు కొనడానికి బయలుదేరేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒకటే: ఒంటరిగా వెళ్లకండి. ఇద్దరు వెళ్లి, ఇద్దరూ చెరోవైపు కూర్చోండి. కొత్తవి ఎప్పుడైనా షోరూములో దొరుకుతాయి, తొందర లేదు.

“రేపు షోరూముకు పోదామా?” అన్నాను.

“జర ఆగుదాం. ఇంకోటి ఏడనన్న దొరుకుతదేమో చూద్దాం” అంది స్వరూప.

మొదటి సొరంగం వచ్చింది. చీకట్లో రైలు మోత పెట్టెనిండా నిండింది. స్వరూప అరచేత్తో ఒక చెవి మూసుకుని విన్నది. తర్వాత అది వదిలి, రెండోది మూసుకుంది. నేనూ మూసుకున్నాను. మళ్లీ వెలుగులోకి వచ్చేసరికి ఎదుటి ఆయన మమ్మల్నే చూస్తున్నాడు. ఇంకో సొరంగం వచ్చాక, ఆయన కూడా నెమ్మదిగా చెయ్యెత్తి ఒక చెవి మూసుకున్నాడు.