అక్క పెట్టని సంతకం

అక్క చనిపోయిందని ఆమె తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను ఖమ్మంలో, నేను నర్సుగా పనిచేసే దవాఖానలో, ఒక పేషెంటుకు సెలైన్ సీసా మారుస్తున్నాను. అతను ఏడవలేదు. "పొద్దున పోయింది. నువ్వొచ్చేదాక ఉంచుతం" అని మాత్రం అన్నాడు. చేతిలో పని పూర్తి చేసి, సెలవు చెప్పి, భద్రాచలం బస్సెక్కాను. అక్కడి నుంచి దుమ్ముగూడెం, ఆ తర్వాత ఆటో. వాళ్ళ గూడెం చేరేసరికి మధ్యాహ్నం మూడయింది. వాకిట్లో చాప మీద అక్క చాలా చిన్నగా కనిపించింది. జపాన్‌లో మూడేళ్ళు నా పక్క మంచం మీద పడుకున్న మనిషిని గుర్తుపట్టడానికి నాకు ఒక క్షణం పట్టింది.

ఆమె నాకు తోడబుట్టింది కాదు. మాది చండ్రుగొండ దగ్గర వ్యవసాయం చేసుకునే ఇల్లు. వాళ్ళది పర్ణశాల అవతల కోయగూడెం. జపాన్‌లో ముసలివాళ్ళను చూసుకునే ఉద్యోగాలున్నాయని విని ఇద్దరం వేర్వేరుగా హైదరాబాదులో భాష నేర్పే హాస్టల్లో చేరాం. ఆ అక్షరాలు చూసి నేను మొదటి వారమే ఇంటికి పోతానని ఏడిచాను. నాకంటే ఆరేళ్ళు పెద్దదైన ఆమె తన పుస్తకం మూసి నా పక్కన కూర్చుంది. "నాకు తెలుగు గూడ బళ్ళెనే వచ్చింది చెల్లె. ఇంట్ల కోయనే. ఒకటి నేర్చుకున్నోళ్ళకు ఇంకోటి వస్తది" అంది. ఆ రోజు నుంచి ఆమె నాకు అక్క.

ఏ కాగితమైనా పూర్తిగా చదవందే పక్కన పెట్టేది కాదు. మందు డబ్బాలో మడతపెట్టిన చీటీ, బస్సు టికెట్ వెనక వైపు, ఏదీ వదలదు. చిన్నప్పుడు గూడేనికి పోడు భూముల నోటీసులు వస్తే పెద్దవాళ్ళంతా ఎనిమిదో తరగతి చదివే ఆమె చుట్టూ కూర్చునేవారట. ఒక్క ముక్క తప్పు చదివితే ఒక ఇంటి చేను పోతుందని అప్పుడే భయం పట్టుకుందని చెప్పింది. ఆ భయం పెద్దయ్యాక కూడా పోలేదు.

జపాన్‌లో మొదటి జీతం వచ్చిన రోజు నేను లెక్క చూసుకుని గొడవ పెట్టాను. చేతికొచ్చింది మాకు చెప్పినదానికంటే బాగా తక్కువ. మోసం చేశారనుకున్నాను. అక్క జీతం చీటీ తీసుకుని, ఒక్కో అక్షరం ఫోన్లో వెతుక్కుంటూ, అన్నం చల్లారిపోయేదాకా చదివింది. అందులో ఒక వరుస పెన్షన్ కోసం కోసిన భాగం. పదేళ్ళు కడితే ముసలితనంలో నెలనెలా ఇస్తారు. అంతకాలం ఉండకుండా దేశం విడిచిపోయే మనలాంటివాళ్ళు, వెళ్ళాక రెండేళ్ళలోపు ఫారం పంపితే, కట్టినదాంట్లో కొంత ఒకేసారి తిరిగొస్తుంది. "గిది మన కష్టమే. పోయినంక అడగాలె. అడగకుంటే ఎవ్వరు పిలిచి ఇయ్యరు" అంది. ఆ మాట ఆమె నోట తర్వాత ఎన్నిసార్లు విన్నానో.

మూడేళ్ళు మంచు పడే ఊళ్ళో పనిచేశాం. స్నానం చేయించడం, తినిపించడం, బట్టలు మార్చడం. అక్క ఒక్కో ముసలమ్మ తల దువ్వుతూ కోయలో ఏదో మాట్లాడుతుండేది. వాళ్ళకు అర్థం కాకపోయినా తలూపేవాళ్ళు. వాళ్ళలో చాలామందికి పెన్షన్ వచ్చేది. ఒకామె నెలకోసారి తన పర్సు తీసి, మనవరాలికి ఏదైనా కొనిపెట్టమని మా చేత కాగితం రాయించేది. అక్క అదే చూస్తూ నిలబడేది. "మా అవ్వ చివరికి బీడీకి గూడ మా నాయిన మొహం చూసేది" అంది ఒకసారి.

కాంట్రాక్టు అయిపోయాక ఇద్దరం కలిసే వచ్చేశాం. వాళ్ళ నాన్నకు పక్షవాతం, కొన్నాళ్ళు చూసుకుని మళ్ళీ వెళ్దామని ఆమె ఆలోచన. నాకు వెళ్ళే ఉద్దేశం లేదు. వచ్చిన నెలలోనే నా ఫారం ముందేసుకుంది. పాస్‌పోర్టులో నా ఇంటిపేరు పూర్తిగా ఉంది, బ్యాంకు పుస్తకంలో ఒక్క అక్షరమే ఉంది. అలా అయితే పంపిన డబ్బు వెనక్కి పోతుందని, నన్ను భద్రాచలం బ్యాంకుకు మూడుసార్లు తిప్పింది. మూడోసారి మేనేజరు విసుక్కున్నా ఆమె బల్ల ముందు నుంచి కదల్లేదు. పేరు సరిచేసి ముద్ర వేసేదాకా నిలబడింది. ఇప్పుడు మా ఇంటిమీద ఉన్న స్లాబు ఆ నిలబడటంలోంచి వచ్చిందే.

నా సంగతి తెలిసి, జపాన్‌లో పనిచేసి వచ్చినవాళ్ళు ఇంకా కొందరు వచ్చారు. సత్తుపల్లి నుంచి ఒక వెల్డరు, పాల్వంచ నుంచి ఇద్దరు అక్కాచెల్లెళ్ళు, మొత్తం ఏడుగురు. అందరివీ ఆమే నింపింది. ఎవరి దగ్గరా రూపాయి తీసుకోలేదు. ఆటో కిరాయి ఇస్తామంటే కసిరేది. తన ఫారం మాత్రం నింపలేదు.

ఎందుకని అడిగితే, ఆ డబ్బు తీసుకుంటే కట్టిన మూడేళ్ళూ లెక్కలోంచి పోతాయని చెప్పింది. మళ్ళీ వెళ్ళి ఇంకో ఏడేళ్ళు చేస్తే పదేళ్ళవుతాయి. అప్పుడు ముసలితనంలో ఎవరి మొహమూ చూడక్కర్లేదు. వాళ్ళ నాన్న పోయాక వీసా కాగితాలు కూడా మొదలుపెట్టింది. ఆ పరీక్షల్లోనే కడుపులో గడ్డ బయటపడింది. హైదరాబాదు తీసుకెళ్ళేసరికి అది గర్భసంచి దాటిపోయింది.

తర్వాతి ఏడాది గురించి ఎక్కువ రాయలేను. సర్కారు కార్డు మీద వైద్యం జరిగినా, పోను రాను ఖర్చులు, బయట కొనే మందులు, హైదరాబాదులో గది కిరాయి ఉండనే ఉన్నాయి. వాళ్ళమ్మ మేకలన్నీ అమ్మేసింది. తమ్ముడు చదువు ఆపి డ్రైవరుగా కుదిరాడు. నేను వెళ్ళినప్పుడల్లా ఫారం సంగతి ఎత్తాను. ఒకరోజు గట్టిగానే అడిగాను. ఇంట్లో ఇంత ఇబ్బంది పెట్టుకుని ఏమిటీ పంతం అన్నాను. ఆమె గోడవైపు తిరిగింది.

"గది పంపితే, ఇగ నేను మళ్ళ పోనని నా చేత్తోటి రాసిచ్చినట్టైతది చెల్లె."

నర్సునై ఉండి నాకు అంతవరకు ఆ సంగతి తట్టలేదు. ఆమె రిపోర్టులన్నీ చదివాను. ఆమె కూడా చదివింది, ఎప్పటిలాగే ఒక్క అక్షరం వదలకుండా.

గడువు ఇంకా నెల ఉందనగా తనే ఫోన్ చేసి ఫారం తెమ్మంది. ఆదివారం తీసుకెళ్ళాను. మంచం మీద దిండు ఆనుకుని కూర్చుని, పేరు, పుట్టిన తేదీ, పెన్షన్ నంబరు, బ్యాంకు వివరాలు అన్నీ తనే రాసింది. మధ్యమధ్య ఆగి, మళ్ళీ మొదలుపెట్టింది. అక్షరాలు అచ్చు వేసినట్టే ఉన్నాయి. అంతా అయ్యాక సంతకం దగ్గర పెన్ను ఆపేసింది. "ఇయ్యాల చాలు. వచ్చే ఆదివారం పెడత" అంది. పెట్టమని నేను బలవంతం చేయలేదు. ఆ మొహం చూసి చేయలేకపోయాను. శుక్రవారం పొద్దున పోయింది.

మట్టి చేసి వచ్చిన సాయంత్రం తమ్ముడు ఆ ఫారం తెచ్చి నా ముందు పెట్టాడు. గడువు ఇంకా ఉంది. అక్క సంతకం నాకు బాగా తెలుసు, పోయిందన్న సంగతి అంత దూరంలో ఎవరికీ తెలియదు, తనకు నెత్తి మీద అప్పులున్నాయి. ఇవన్నీ తల ఎత్తకుండా చెప్పాడు. అతన్ని తప్పుపట్టలేను. నేను పెన్ను తీశానని ఒప్పుకోవాలి. పెడితే ఎలా ఉంటుందోనని అరచేతిలో ఒకసారి రాసి చూసుకున్నాను కూడా. సరిగ్గా అక్కదానిలాగే వచ్చింది.

వాళ్ళమ్మకు తెలుగు తక్కువ. కొడుకు చేతిలో కాగితం, నా చేతిలో పెన్ను చూసి ఏమిటని కోయలో అడిగింది. అతను చెప్పాడు. ఆమె వచ్చి నా చెయ్యి పట్టుకుని, వచ్చీరాని తెలుగులో మెల్లగా అంది.

"నా బిడ్డ అందరికి నిజం సదివి సెప్పింది. ఆమె పేరు మీద అబద్ధం వద్దు."

తమ్ముడు లేచి బయటికి వెళ్ళిపోయాడు. నేను పెన్ను మూసేశాను. ఉన్నది ఉన్నట్టు చెప్పి అడిగే దారి ఏదైనా ఉందేమోనని, మాకు భాష నేర్పిన సారు ద్వారా తర్వాత కనుక్కున్నాను. బతికుండగా ఫారం పంపి పోతే ఇంటివాళ్ళు అడగవచ్చట. పంపకుండా పోతే ఆ హక్కు మనిషితోనే పోతుందట. ఆమె మూడేళ్ళ కష్టంలోంచి కోసిన భాగం అక్కడే ఉండిపోయింది. ఆ ఆదివారం నేను ఇంకో మాట గట్టిగా అని ఉంటే అన్న ఆలోచన నన్ను వదలదు. అని ఉంటే ఆమె చివరి వారం ఎలా గడిచేదో కూడా తెలియదు.

నెల తర్వాత చలి బాగా ఉన్న ఒక పొద్దున మళ్ళీ ఆ ఊరు వెళ్ళాను. ఇంటికి తడిక వేసి ఉంది. అక్క వాళ్ళమ్మ మిరపకాయలు ఏరడానికి కూలికి పోయిందని పక్కింటివాళ్ళు చెప్పారు. చేను గట్టు మీదికి వచ్చి నిలబడ్డాను. పొగమంచులో ఆడవాళ్ళు సాళ్ళ వెంట వంగి ఏరుతున్నారు. అందరూ తలకు తువ్వాళ్ళు చుట్టుకున్నారు. చివరి సాలులో వాళ్ళమ్మ. చీర మీద అక్క మంచులో వేసుకునే నీలం రంగు కోటు, మోకాళ్ళ దాకా దిగి, చేతులు రెండు మడతలు పెట్టి ఉంది. నన్ను చూడలేదు. ఏరిన కాయలు ఒడిలోకి వేసుకుంటూ, ఆ బరువు కోటుతోనే, ఒక్కో చెట్టూ దాటుకుంటూ ముందుకు పోతోంది.