బాపు చేతి గడియారం

నిన్న షాపులో మా అబ్బాయి ఖరీదైన గడియారం చేతికి పెట్టుకుని, "అమ్మా, దీనికి ఇంత పెట్టుడు అవసరమా?" అని అడిగాడు. కొత్త తోలు పట్టీ వాసనకు కాగజ్‌నగర్‌లోని మా చిన్న ఇల్లు గుర్తొచ్చింది.

నా చిన్నప్పుడు కాగితం మిల్లులో పనిచేసే మా నాన్న, బాపు, ఏళ్ల తరబడి కూడబెట్టి తోలు పట్టీ ఉన్న ఒక విదేశీ గడియారం కొన్నాడు. అవ్వ, అంటే మా అమ్మ, మండిపడింది.

"గా పైసలకు పాడిబర్రె వచ్చేది. టైముకు మిల్లు సైరన్ కూస్తనే ఉంటది గదా, గిదెందుకు?"

"గా టైము మిల్లోళ్లది. గీ టైము నాది" అన్నాడు బాపు.

నాకు అర్థం కాలేదు. రోజూ పొద్దున బాపు గడియారం చూసి "ఇగ కూస్తది" అనేవాడు. వెంటనే సైరన్ మోగేది. బాపు చెబితేనే అది కూస్తుందని నా నమ్మకం.

ఒకరోజు బాపు జ్వరంతో పడుకున్నా సైరన్ మోగింది. గడియారం గూట్లో టిక్కుటిక్కుమంటోంది.

"అవ్వా, బాపు పండుకున్నా గడియారమే కూయించింది!" అని అరిచాను.

అవ్వ పడీపడీ నవ్వింది. "గట్లయితే బర్రెకన్న గిదే నయం తియ్."

ఏళ్ల తర్వాత, రిటైరైన మర్నాడు సైరన్ మోగుతుంటే, బాపు అరుగు మీద కూర్చుని గడియారానికి తీరిగ్గా కీ ఇచ్చుకుంటున్నాడు. లేవలేదు.

"దాన్ని చూసుకునే తీరిక నీకుంటే తీసుకో బిడ్డా" అన్నాను షాపులో మా వాడితో.