గిన్నె అంచు

మా చిన్నప్పుడు... ప్రతి నెలా మొదటి ఆదివారానికి ముందు రోజు మా వంటింట్లో నల్లద్రాక్ష ఉడికేది. మల్కాపురంలో పోర్టు బొగ్గుపొడి ఇంట్లోకి కూడా వచ్చి పడేది కదా... రసం వడగట్టి, పైన గుడ్డ కప్పి, దగ్గరే కాపలా కూర్చునేది మా నాయనమ్మ. వేలు ముంచబోతే "ప్రభువు బల్లకే అది... సెయ్యి తియ్యి" అనేది.

మర్నాడు చర్చిలో బల్ల ఆరాధన... ప్రభువు రక్తానికి గుర్తుగా ఆ రసాన్ని ఒకే ఒక్క వెండి గిన్నెలో పోసేవారు. పోర్టు కలాసీ, బడి టీచరు, స్టీల్ ప్లాంటు ఇంజినీరు... అందరూ వరసగా వెళ్ళి అందులోంచే గుక్కెడు తాగేవారు.

నాయనమ్మ స్త్రీల సమాజానికి పెద్ద. ఎవరింట్లో కష్టమొచ్చినా ప్రార్థన చెయ్యమని మా గుమ్మంలోకే వచ్చేవారు... రూతమ్మ గారు మా వీధిలో దిగేదాకా.

ఆవిడ భర్త పోయిన మనిషి, మిషన్ కుట్టుకుని బతికేవారు. ఒకరి మాట ఇంకొకరికి మోసేవారు కాదు. ఆడవాళ్ళు ఒక్కొక్కరే మా గుమ్మం దాటి వెళ్ళి ఆవిడ దగ్గర కూర్చోవడం మొదలెట్టారు. నాయనమ్మ కళ్ళల్లో నిప్పులు పోసుకుంది. ఆవిడ చీరలో, కూరలో, ఆఖరికి ప్రార్థనలో కూడా వంకలు వెతికింది. దొరక్కపోయేసరికి ఇంకా మండిపోయింది.

ఆ రోజుల్లోనే మా వీధి లారీ డ్రైవరొకాయన ‘ఆ జబ్బు’తో మంచమెక్కాడు. పేరు పలకడానికే అందరూ భయపడే జబ్బు. సొంత తమ్ముడే గడప తొక్కలేదు. ఆయన పోయేదాకా గంజి పట్టింది, పక్కబట్టలు ఉతికింది రూతమ్మ గారే.

తరవాతి బల్ల ఆరాధనలో రూతమ్మ గారి వెనకే నాయనమ్మ నిలబడింది. ఆవిడ తాగారు. పాస్టరు గారు అలవాటు ప్రకారం తెల్లగుడ్డతో అంచు తుడిచి గిన్నె ఇటు అందించారు. నాయనమ్మ, అందరూ చూస్తుండగా, తన కొంగుతో ఆ అంచుని ఇంకోసారి తుడిచింది. నిదానంగా తుడిచింది.

ఇంటికొచ్చాక అమ్మ ఉండబట్టలేక అడిగింది. "ఆవిడికి ఏ జబ్బూ లేదు గదత్తా... ఎందుకలా సేసేవు?"

"నానేటైనా అన్నానేటి? అంచు తుడిసేను, అంతే."

నిజమే, ఏమీ అనలేదు. అనాల్సిన అవసరమే రాలేదు. మరుసటి నెల రూతమ్మ గారి వెనక నిలబడ్డానికి ఎవరూ రాలేదు. ఆవిడే అర్థం చేసుకుని వరస చివరికి వెళ్ళారు. ఆ పై నెల అసలు లేవలేదు, తల దించుకుని కూర్చుండిపోయారు. ఏడాది తిరక్కుండా సంఘపెద్దలు ట్రే నిండా చిన్న చిన్న గ్లాసులు తెప్పించారు. శుభ్రం కోసం అన్నారు. గ్లాసులొచ్చినా ఆవిడ మళ్ళీ బల్ల తీసుకోలేదు.

సండే స్కూల్లో మా టీచరు బైబిల్లోని తమ్ముణ్ణి చంపిన అన్న పాఠం చెప్పింది అప్పుడే. "తమ్ముడేం తప్పు చేశాడు టీచర్?" అని అడిగాను. "ఏటీ లేదమ్మా... మంచోడు, అంతే" అన్నారావిడ. ఆ రాత్రి నాయనమ్మ పక్కలో పడుకోవడానికి భయమేసింది నాకు.

కొన్నేళ్ళకి నాయనమ్మ మంచం పట్టింది. అమ్మ పనికి వెళ్తే చూసే దిక్కు లేదు. పిలవకుండానే రూతమ్మ గారు గంజి పట్టుకుని వచ్చారు. నాయనమ్మ పళ్ళు బిగించేసింది. రోజూ అంతే... ఆవిడ తేవడం, ఈవిడ నోరు తెరవకపోవడం.

"ఆవిడ నీకేటి సేసిందత్తా?" అని అమ్మ ఏడ్చింది.

"ఏటీ సెయ్యలేదే..." అంది నాయనమ్మ, గోడవైపు తిరిగి. "ఏదో ఒకటి సేసుంటే ఎప్పుడో సెమించేద్దును."

చెడ్డవాళ్ళని క్షమించమని ప్రతి ఆదివారం విన్నాం. మంచివాళ్ళని ఎలా ఓర్చుకోవాలో మాకెవరూ చెప్పలేదు. నాయనమ్మంటే నాకు ప్రాణం... తన మీద కోపం మాత్రం ఇప్పటికీ పోలేదు.

నాయనమ్మ అలాగే పోయింది. ఆఖరి స్నానం చేయించింది రూతమ్మ గారే. మూతి పక్కన నీళ్ళు కారుతుంటే తన కొంగుతో తుడిచారు. అది చూడలేక నేను బయటికొచ్చేశాను.

ఇప్పుడు ద్రాక్షరసం సీసాల్లో వస్తోంది. ఎవరి ప్లాస్టిక్ గ్లాసు వాళ్ళది, తాగి పారెయ్యడమే. అందరికీ ఒకే గిన్నె ఉండేదంటే మా పిల్లలు "ఛీ" అంటున్నారు...

మీ చర్చిలో ఆ ఒక్క గిన్నె చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? అది ఎప్పుడు పోయిందో, ఎందుకు పోయిందో గుర్తుంటే చెప్పండి. మాది పాతబడి పోలేదు... ఒక్క తుడుపుకే పోయింది.